అదనపు గంట వెనక లెక్క: వైకల్యం ఉన్న పిల్లలకు బడులు చదువును ఎలా సర్దాలి?

ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి హైదరాబాద్ బడుల్లో ఒక హడావిడి మొదలవుతుంది. పదో తరగతి పిల్లల్లో ఎవరికి స్క్రైబ్ (చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) కావాలి, ఎవరికి అదనపు సమయం ఇవ్వాలి, ఎవరి చేతిలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది, ఎవరిది ఇంకా రాలేదు అంటూ హెడ్మాస్టర్లు జాబితాలు రాసుకుంటుంటారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. "మా బాబు బాగానే మాట్లాడతాడు, మరి రాసేటప్పుడే ఎందుకిలా?" అని ఒకరు. "వాళ్లకి గంట ఎక్కువిస్తే మా పిల్లలకి అన్యాయం కాదా?" అని ఇంకొకరు. పరీక్షలు అయిపోగానే చర్చ చల్లబడుతుంది. మళ్లీ వచ్చే జనవరిదాకా ఎవరికీ గుర్తుండదు.

అసలు తిరకాసు అక్కడే ఉందని నా అభిప్రాయం. చట్టం మాట్లాడేది ఏడాది పొడవునా సాగే చదువు గురించి. మనం మాత్రం దాన్ని పరీక్ష హాలు దగ్గర ఇచ్చే రాయితీగా కుదించేశాం. ఈ రెండింటి మధ్య దూరం అర్థమైతే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

## చట్టం ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మెత్తబడింది

ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. అంతకుముందున్న 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించేది. కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ వ్యాధులు, యాసిడ్ దాడి బాధితులు, అందరూ ఈ జాబితాలోకి వచ్చారు.

చదువు విషయంలో ముఖ్యమైనవి 16, 17, 31 సెక్షన్లు. ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులు కూడా 16వ సెక్షన్ కిందికి వస్తాయి. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనం అందరూ వాడుకునేలా ఉండాలి, ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి, అభ్యసన వైకల్యాలను తొందరగా గుర్తించాలి అంటుంది అది. బ్రెయిలీ, సైగల భాష తెలిసిన టీచర్లను పెట్టడం, పరీక్ష విధానంలో మార్పులు, రెండో మూడో భాష నుంచి మినహాయింపు 17లో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ, వాళ్లు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత చదువు హక్కు 31వ సెక్షన్ ఇస్తుంది. మామూలు విద్యాహక్కు చట్టం 14 ఏళ్లకే ఆగుతుంది కాబట్టి ఇక్కడ నాలుగేళ్లు కలిసొస్తాయి.

అయితే 16వ సెక్షన్ మొదట్లో ఒక మెత్తని మాట ఉంది. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలన్నీ ఇవి చేసేలా ప్రభుత్వాలు "ప్రయత్నించాలి" అని రాశారు. చేసి తీరాలి అని సూటిగా లేదు. బడి యాజమాన్యాలు, అధికారులు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి ఆ మాటలో చోటు దొరుకుతోంది.

## దారి మార్చడం వేరు, గమ్యం మార్చడం వేరు

బడి చేసే మార్పులు రెండు రకాలు. పాఠం అదే, నేర్చుకునే దారి గానీ, నేర్చుకున్నది చూపించే దారి గానీ మారితే అది సర్దుబాటు. ఏం నేర్చుకోవాలన్నదే మారిపోతే అది పాఠ్యాంశ మార్పు. ఇళ్లల్లోనూ స్టాఫ్ రూముల్లోనూ జరిగే వాదనల్లో సగం ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే వస్తాయి.

ఏడో తరగతి సోషల్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చిందనుకుందాం: "కాకతీయులు తవ్వించిన చెరువుల వల్ల వ్యవసాయానికి కలిగిన మేలు ఏమిటి?" డిస్లెక్సియా ఉన్న అమ్మాయి ఈ ప్రశ్న చదవడానికే తంటాలు పడుతుంది. టీచర్ చదివి వినిపిస్తే రామప్ప, పాకాల చెరువుల గురించి గడగడా చెబుతుంది. నోటితో చెప్పనిచ్చి మార్కులు వేస్తే అది సర్దుబాటు. ప్రశ్న మారలేదు, ఆశించిన జవాబు మారలేదు, మార్కులు వేసే పద్ధతీ మారలేదు.

అదే తరగతిలో మేధోపరమైన వైకల్యం ఉన్న బాబుకి చెరువు, బావి, కాలువ బొమ్మలిచ్చి "పొలానికి నీళ్లు వేటి నుంచి వస్తాయి?" అని అడిగారు. ఇది పాఠ్యాంశ మార్పు. ఆ బాబుకి అది సరైన ప్రశ్నే కావచ్చు. కానీ అందులో వచ్చిన పదికి పది మార్కుల్ని ఆ అమ్మాయి మార్కుల పక్కన పెట్టి పోల్చకూడదు.

ఏది చేయాలో తేల్చుకోవడానికి టీచర్ తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ పరీక్షతో నేను దేన్ని కొలుస్తున్నాను? సోషల్ పేపర్ కొలిచేది సోషల్‌ని. చదవడం, రాయడం అక్కడ దారి మాత్రమే. అందుకే ప్రశ్న చదివి వినిపిస్తే తప్పు లేదు. తెలుగు పేపర్లో ఒక పేరా ఇచ్చి, చదివి జవాబులు రాయమంటే లెక్క మారుతుంది. అక్కడ కొలిచేది చదివే శక్తినే. పేరా మనమే చదివి వినిపిస్తే కొలిచేది మరోటైపోతుంది. డిక్టేషన్ కూడా అలాంటిదే. వినికిడి లోపం ఉన్న బిడ్డకి డిక్టేషన్‌లో సున్నా వస్తే అది స్పెల్లింగ్ రాకపోవడమా, మాట వినపడకపోవడమా అన్నది ఆ పేపర్ చెప్పలేదు. బొమ్మ చూపించి పేరు రాయమంటే చెబుతుంది.

ఈ రెండింట్లోనూ ఇమడనిది ఇంకొకటుంది. రాష్ట్ర పదో తరగతి బోర్డు కొన్ని రకాల వైకల్యాలున్న పిల్లలకు మామూలు 35 కన్నా తక్కువ మార్కులకే పాస్ ఇస్తుంది. అడ్డంకి ఉన్నచోటే ఉంది, గీత మాత్రం కిందికి దిగింది. బ్రెయిలీ పుస్తకాలు వేళకు అందని చోట, సైగల భాష తెలిసిన టీచర్ లేని చోట ఆ గీత దిగకపోతే పిల్లలు చదువు మధ్యలోనే ఆగిపోతారన్నది ఒక వాదన. అసలు పని తప్పించుకోవడానికి వ్యవస్థకు అది సులువైన దారి అన్నది రెండోది. రెండూ నిజమే. పాస్ మార్కు తగ్గించడానికి ఒక జీవో చాలు, బ్రెయిలీ పుస్తకం జూన్‌లోనే చేతికి అందించాలంటే చాలామంది చాలా పని చేయాలి.

## మూడు లిపుల ఊళ్లో డిస్లెక్సియా

హైదరాబాద్‌లో ఇది ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన విషయం. ఇక్కడ మూడో తరగతి పిల్ల బ్యాగులో ఇంగ్లిష్, తెలుగు, హిందీ పుస్తకాలు ఉంటాయి. కొన్ని ఇళ్లల్లో ఉర్దూ కూడా ఉంటుంది, అది కుడి నుంచి ఎడమకి. 2018లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందే. అంటే ఎనిమిదేళ్ల వయసుకే బిడ్డ మూడు లిపులతో కుస్తీ పడుతుంటుంది.

తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి డిస్లెక్సియా పెద్ద సమస్య కాదని కొందరు టీచర్లు అంటారు. అందులో కొంత నిజం ఉంది. ఇంగ్లిష్‌లో లాగా ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలకదు. కానీ తెలుగులో గుర్తుల సంఖ్య ఎక్కువ. గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రూపాలు. పైగా ఒకదాన్నొకటి పోలినవి బోలెడు. ప, వ పక్కపక్కన పెట్టి చూడండి. వ కి కొమ్ము తగిలిస్తే మ దగ్గరికి వస్తుంది. మ, య పోలికలు సరేసరి. ద కి, ధ కి తేడా కింద చిన్న గీత. డిస్లెక్సియా ఉన్న బిడ్డ "పని" ని "వని" అంటుంది, "మాయ" దగ్గర ఆగిపోతుంది, "రాష్ట్రం" కనపడగానే మొదటి అక్షరం చూసి "రాముడు" అని ఊహించేస్తుంది.

రాసినట్టే పలికే భాషల్లో డిస్లెక్సియా తరచూ తప్పుల్లో కన్నా చదివే నెమ్మదితనంలో బయటపడుతుంది. బిడ్డ సరిగ్గానే చదువుతుంది, కానీ కూడబలుక్కుని చదువుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. తప్పులు లేవు కాబట్టి టీచర్ దృష్టిలో పడదు. "బద్ధకం" అని డైరీలో రాసి పంపుతారు. ఇంట్లో ట్యూషన్ పెట్టిస్తారు. పేజీలకు పేజీలు చూచిరాత రాయిస్తారు. చూచిరాత చెయ్యి తిప్పడం నేర్పుతుంది గానీ, శబ్దాన్ని అక్షరంతో ముడివేయడం నేర్పదు.

ఇక్కడ పనికొచ్చే సర్దుబాట్లు ఖర్చుతో కూడినవి కావు. పేజీలో వాక్యాల మధ్య ఖాళీ పెంచడం, ఒక్కో వరుసే కనపడేలా కింద స్కేలు పెట్టుకోనివ్వడం, బోర్డు మీది నోట్స్ ఎక్కించుకోమనకుండా జిరాక్స్ ఇవ్వడం, సైన్స్ పేపర్లో స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడం, క్లాసులో అందరి ముందు నిలబెట్టి చదివించకపోవడం. చివరిది అన్నిటికన్నా తేలిక. బడుల్లో అన్నిటికన్నా తక్కువ జరిగేదీ అదే.

మరి భాష మినహాయింపు తీసుకోవాలా? చట్టం దారి చూపించింది, సీబీఎస్ఈ కూడా రెండు భాషల బదులు ఒకటే చదివే వీలిస్తోంది. అప్పుడు బిడ్డ మీద భారం ఒక్కసారిగా తగ్గుతుంది. మరోవైపు, ఇంట్లో మాట్లాడే తెలుగులో చదవడం రాకుండా పెద్దయితే బస్సు బోర్డు దగ్గర, బ్యాంకు ఫారం దగ్గర ఇబ్బంది. పరీక్ష నుంచి మినహాయింపు తీసుకుని, చదవడం మాత్రం ఒత్తిడి లేకుండా నేర్పే మధ్యే మార్గాన్ని కొందరు స్పెషల్ ఎడ్యుకేటర్లు సూచిస్తారు. టైంటేబుల్‌లో దానికి పీరియడ్ దొరకాలి మరి.

## గంటకు 20 నిమిషాలు: లెక్క ఇలా వేస్తారు

అదనపు సమయం గురించి కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ప్రతి గంట పరీక్షకీ 20 నిమిషాలకు తగ్గకుండా ఇవ్వాలి. మూడు గంటల పేపర్‌కి మరో గంట. గంటన్నర పేపర్‌కి మరో అరగంట. గంట లోపు పరీక్ష అయితే అదే నిష్పత్తిలో, అయిదు నిమిషాలకు తగ్గకుండా, అయిదు గుణిజాల్లో. 40 నిమిషాల స్లిప్ టెస్ట్ తీసుకోండి. నిష్పత్తి ప్రకారం 13 నిమిషాల చిల్లర వస్తుంది, దాన్ని 15 చేస్తే సరిపోతుంది. ఈ లెక్క పెద్ద పరీక్షల కోసం రాసింది. స్లిప్ టెస్టులకు ఇలాగే ఇమ్మని ఏ అధికారీ బడికి వచ్చి అడగడు. కానీ ఏడాదంతా 40 నిమిషాల్లో సగం పేపరే రాసిన బిడ్డకు ఒక్కసారిగా మార్చిలో గంట ఎక్కువిస్తే దాన్ని ఎలా వాడుకోవాలో తెలియదు.

స్క్రైబ్ సంగతీ అంతే. పదో తరగతి పరీక్షకు స్క్రైబ్‌గా సాధారణంగా తొమ్మిదో తరగతి పిల్లల్ని కూర్చోబెడతారు. జవాబులు తనే రాసేయకూడదు కదా, ఆ నియమంలో న్యాయం ఉంది. లెక్కల పేపర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. చూపు లేని అబ్బాయి "రూట్ టూ ఎక్స్ ప్లస్ త్రీ" అన్నాడు. తొమ్మిదో తరగతి అబ్బాయి √2x + 3 అని రాశాడు. చెప్పినవాడి మనసులో ఉన్నది √(2x + 3). రూట్ గీత ఎక్కడిదాకా లాగాలో మాటల్లో రాలేదు. మిగతా స్టెప్పులన్నీ సరిగ్గా చెప్పినా జవాబు తేడాగా వస్తుంది. ఎక్కడ తప్పిందో ఇద్దరికీ తెలియదు. "మొత్తం మీద రూట్", "రూట్ ఒక్క రెండుకే", "బ్రాకెట్ ఓపెన్" లాంటి మాటలు ఇద్దరికీ అలవాటు కావాలంటే నెలలు పడుతుంది. స్క్రైబ్ ఎవరో పరీక్షకు వారం ముందు తేలితే ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మిగతా పిల్లలకు అన్యాయం అన్న మాట. ఇది కొట్టిపారేయాల్సిన అభ్యంతరం కాదు. పోటీ పరీక్షల ఊరు మనది. కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగే పిల్లల తల్లిదండ్రులకు ప్రతి నిమిషం లెక్కే. అదనపు సమయం అందరికీ కొంత ఉపయోగపడుతుంది, నిజమే. కానీ చెయ్యి వణికే బిడ్డ, బ్రెయిలీలో వేలితో తడిమి చదివే బిడ్డ, స్క్రైబ్‌కి ప్రతి వాక్యం చెప్పి రాయించి మళ్లీ చదివించుకునే బిడ్డ అదే పనికి ఎక్కువ సమయం తీసుకోక తప్పదు. కేంద్రం ఈ సమయాన్ని అదనంగా కాకుండా పరిహార సమయంగా పిలిచింది. పోయిన సమయం తిరిగి ఇవ్వడం అన్నమాట. దొంగ సర్టిఫికెట్లతో ఈ వీలు వాడుకునేవాళ్లుంటే? ఆ భయమూ ఉత్తది కాదు. అది సర్టిఫికెట్ ఇచ్చే దగ్గర పట్టుకోవాల్సిన తప్పు. హాలులో నిజమైన బిడ్డను నిలదీస్తే తేలదు. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా (చేతిరాతకు అడ్డుపడే అభ్యసన వైకల్యం) ఉన్న ఒక విద్యార్థినికి రావాల్సిన గంటను పరీక్ష కేంద్రంలోనే నిరాకరించారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమెకు జరిగింది అన్యాయమేనని కోర్టు తేల్చింది. మళ్లీ పరీక్ష మాత్రం పెట్టలేదు.

## సర్టిఫికెట్ లేకపోతే సాయం లేదా?

మన దగ్గర వైకల్య ధ్రువీకరణ అనగానే సదరం క్యాంపు గుర్తొస్తుంది. ఇప్పుడు దేశమంతటికీ ఒకే యూడీఐడీ కార్డు వచ్చింది. తెలుపు గీత కార్డు 40 శాతం లోపు, పసుపు 40 నుంచి 80 దాకా, నీలం 80, ఆపైన. పింఛను, ఫీజు, రిజర్వేషన్ లాంటివాటికి 40 శాతం గీత కీలకం.

క్లాసులో సర్దుబాటుకి ఆ గీత అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియని విషయం. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థి స్క్రైబ్ అడిగితే, నువ్వు 40 శాతం కోవలోకి రావని కాదన్నారు. రిజర్వేషన్‌కి పెట్టిన గీతను సర్దుబాటుకి అడ్డం పెట్టకూడదని కోర్టు అంది. దాని తర్వాత కేంద్రం 40 శాతం లోపువారికీ స్క్రైబ్ నిబంధనలు రాసింది, 2022లో.

అభ్యసన వైకల్యాల్లో ఇంకో చిక్కుంది. వాటిని ధ్రువీకరించేది ఎనిమిదేళ్లు దాటాకే. అంతకుముందు చదవడం రాకపోతే అది వైకల్యమో, ఆలస్యమో, సరిగ్గా చెప్పకపోవడమో తేల్చడం కష్టం. ఆ జాగ్రత్త సబబే. కానీ ఒకటో తరగతిలో అక్షరాల దగ్గర తడబడే బిడ్డ మూడో తరగతి దాకా ఏం చేయాలి? సర్టిఫికెట్ లేదు కాబట్టి ఏమీ చేయలేం అనే బడి రెండేళ్లు వృథా చేసినట్టే. టీచర్లే తొలి పరిశీలన చేయడానికి ఎన్సీఈఆర్టీ ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. అది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని నిపుణుల దగ్గరికి పంపాలో చెప్పే వడపోత. బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ లాంటి జాతీయ సంస్థ మన ఊళ్లోనే ఉండటం అదృష్టం. 1984 నుంచి ఉంది. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం పుట్టిన సంస్థ అది.

ఏకాగ్రత నిలవక, కుదురుగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ పరిస్థితి ఇంకా అయోమయం. చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఆ పేరే లేదు. ఆటిజంతోనో అభ్యసన వైకల్యంతోనో కలిసి ఉంటే ఆ దారిన సర్టిఫికెట్ వస్తుంది. ఒంటరిగా ఉంటే రాదు. కాస్త కిటికీకి దూరంగా కూర్చోబెట్టడానికి, పదిహేను లెక్కల హోంవర్కును ఎనిమిదికి తగ్గించడానికి, మధ్యలో లేచి చాక్‌పీసులు తెమ్మని పంపడానికి ఏ సర్టిఫికెట్ కావాలి?

## "మా వల్ల కాదు" అనే మాట ఎప్పుడు చెల్లుతుంది

తగిన సర్దుబాటు అంటే ఆ సందర్భంలో మోయలేని భారం పడకుండా చేసే అవసరమైన మార్పు అని చట్టం నిర్వచించింది. బడులు పట్టుకునేది ఆ "మోయలేని భారం" దగ్గరే.

కూకట్‌పల్లిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో నాలుగంతస్తుల బిల్డింగులో నడిచే బడి ఊహించుకోండి. మైదానం లేదు, లిఫ్ట్ లేదు. వీల్‌చైర్ వాడే అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చింది, ఆ సెక్షన్ మూడో అంతస్తులో ఉంది. "లిఫ్ట్‌కి లక్షలు కావాలి, మా వల్ల కాదు" అంది యాజమాన్యం. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ అమ్మాయి అడిగింది లిఫ్ట్ కాదు, చదువుకునే వీలు. ఎనిమిదో తరగతి సెక్షన్‌ని కింది అంతస్తుకి మార్చి, ఎల్‌కేజీని పైకి పంపితే పైసా ఖర్చు లేదు. చిన్నపిల్లల తల్లిదండ్రులు గొణుగుతారేమో, అంతే. గేటు దగ్గర మూడు మెట్లున్నాయి. మెట్ల ఎత్తు మొత్తం 45 సెంటీమీటర్లు. 1:12 వాలు ప్రకారం ర్యాంప్ పొడవు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు కావాలి. చాలా బడుల్లో ర్యాంప్ పేరుతో కనిపించేది రెండు మీటర్ల సిమెంటు జారుడుబల్ల. అది ఇన్‌స్పెక్షన్ ఫొటోకి పనికొస్తుంది. వీల్‌చైర్ దాని మీద ఎక్కదు, దిగితే ఆగదు. మరుగుదొడ్డి తలుపు వెడల్పు గురించి ఎవరూ అడగరు. దాంతో నీళ్లు తాగడం మానేసి సాయంత్రం దాకా బిగబట్టుకునే ఆడపిల్లలు ఉన్నారు.

షాడో టీచర్ విషయం ఇంత తేలిగ్గా తేలదు. ఆటిజం ఉన్న బిడ్డ పక్కన కూర్చుని సాయం చేసే మనిషి ఖర్చు ఎవరు భరించాలి? నగరంలోని చాలా ప్రైవేటు బడుల్లో తల్లిదండ్రులే భరిస్తున్నారు. "మీరు షాడోని పెట్టుకుంటేనే సీటు" అనే షరతూ వినిపిస్తుంది. ఒక్క బిడ్డ కోసం పూర్తి జీతంతో మనిషిని పెడితే ఆ భారం అందరి ఫీజు మీద పడుతుందని చిన్న బడులు అంటాయి. సర్దుబాటు చేయాల్సింది బడే, అది సీటుకి షరతు ఎలా అవుతుందని తల్లిదండ్రులు అడుగుతారు. ఇందులో ఇంకో కోణం చాలాసార్లు మరుగున పడుతుంది: పక్కన ఎప్పుడూ ఒక పెద్ద మనిషి కూర్చుంటే తోటి పిల్లలు ఆ బిడ్డ దగ్గరికి రారు. క్లాస్ టీచర్ కూడా "వాడి సంగతి షాడో చూసుకుంటుంది" అని వదిలేస్తుంది. షాడో క్రమంగా పక్కకు తప్పుకునే ప్లాన్ లేకపోతే ఆ బిడ్డ మామూలు క్లాసులో ఉన్న ఒంటరి క్లాసులో ఉన్నట్టే.

ఆ ప్లాన్ రాసుకునే చోటునే ఐఈపీ, అంటే వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. అందులో "లెక్కలు మెరుగుపడాలి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "డిసెంబర్ కల్లా 50 రూపాయల లోపు చిల్లర అయిదుసార్లలో నాలుగుసార్లు సరిగ్గా తిరిగివ్వాలి" అని రాస్తే జరిగిందో లేదో టీచర్‌కీ, తల్లికీ ఇద్దరికీ కనపడుతుంది.

## మామూలు బడా, ప్రత్యేక బడా

అందరూ ఒకే బడిలో చదవాలన్నది చట్టం మొగ్గు. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మొగ్గు కూడా అదే. విడిగా పెరిగిన పిల్లలు పెద్దయ్యాక అందరితో కలిసి పనిచేయడం కష్టం, వాళ్లతో కలిసి చదవని మిగతా పిల్లలకూ వాళ్లంటే భయమో జాలో తప్ప స్నేహం తెలియదు అన్నది దీని వెనక వాదం.

కానీ బధిరుల విషయంలో ఆ వాదం తడబడుతుంది. సైగల భాష ఒక పూర్తి భాష. క్లాసులో నలభై మంది మధ్య సైగలు తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోతే ఆ బిడ్డ కలిసి ఉన్నట్టా, విడిగా ఉన్నట్టా? మలక్‌పేట బధిరుల పాఠశాల లాంటి చోట మధ్యాహ్నం భోజనం దగ్గర జరిగే కబుర్లు, కొట్లాటలు, వెక్కిరింతలు అన్నీ పిల్లల సొంత భాషలో జరుగుతాయి. బాల్యంలోనే కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడేందుకు చెవిలో అమర్చే పరికరం) చేయించిన తల్లిదండ్రులు మాత్రం మాట్లాడే వాతావరణమే కావాలంటారు. ఇద్దరి దగ్గరా బలమైన కారణాలున్నాయి.

చూపు లేని పిల్లలకు చాలా కుటుంబాలు రెండు దశల దారి ఎంచుకుంటాయి: బేగంపేటలోని దేవనార్ లాంటి బడుల్లో బ్రెయిలీ, అబాకస్, వేళ్లతో తడిమి చేసే టేలర్ ఫ్రేమ్ పలక మీద లెక్కలు, ఒంటరిగా నడవడం నేర్చుకుని తర్వాత మామూలు కాలేజీకి వెళ్లడం. అక్కడ చదివిన బొల్లా శ్రీకాంత్ ఉదంతం ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినా, చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ తీసుకోనివ్వలేదు. బొమ్మలు, గ్రాఫులు అడ్డంకి అన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి, సైన్స్ చదివి 98 శాతం తెచ్చుకున్నారు. అమెరికాలోని ఎంఐటీలో చేరారు. తర్వాత ఇక్కడే బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆయన విజయాన్ని మాత్రమే చెప్పుకుంటాం గానీ, చిన్న తరగతుల్లోనే లెక్కలు, బొమ్మలు వదిలేయమని సలహా వినేసి, ఆ కోర్టు మెట్ల దాకా వచ్చే అవకాశమే లేకపోయిన పిల్లల మాటేమిటి? లెక్కలకు బదులు సంగీతమో చిత్రలేఖనమో తీసుకునే వీలు ఎనిమిదో తరగతి బిడ్డకు ఊరట. ఇంటర్ అప్లికేషన్ నింపే రోజున అదే అడ్డు.

## ఇవన్నీ చేసేది ఎవరు?

ప్రభుత్వ బడుల్లో ఈ పని సమగ్ర శిక్ష పథకం కింద పనిచేసే ఐఈఆర్పీల (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్ల) మీద నడుస్తోంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో పిల్లలకు నేర్పేది, ఫిజియోథెరపీ క్యాంపులకు పిలిచేది, బడికి రాలేని బిడ్డల ఇళ్లకు వెళ్లేది వీళ్లే. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతాల మీద ఉన్నవాళ్లు.

రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు నిష్పత్తి చెప్పింది: ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు. చాలినంతమంది దొరికేదాకా ఒక టీచర్ దగ్గర్లోని కొన్ని బడుల మధ్య తిరగవచ్చని సడలింపు ఇచ్చింది. అమలు కాకపోవడంతో 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలన్నిటినీ పోస్టులు మంజూరు చేసి నోటిఫై చేయమంది.

ఆ సడలింపు నేల మీద ఎలా ఉంటుందో చిన్న లెక్క వేసి చూద్దాం. ఎనిమిది ప్రాథమిక బడులు, ఒక్కోదాంట్లో ముగ్గురు పిల్లలు, మొత్తం 24 మంది. నిష్పత్తి ప్రకారం ముగ్గురు టీచర్లు కావాలి. ఒక్కరే ఉంటే రోజుకో బడి చొప్పున తిరిగినా ఒక్కో బడి వంతు ఎనిమిది పనిదినాలకు ఒకసారి వస్తుంది. ఆ రోజు ముగ్గురిలో ఒకరు జ్వరంతో రాకపోతే ఆ బిడ్డకి మళ్లీ వంతు పదహారో రోజున. మధ్యలో సెలవులు, ఎన్నికల డ్యూటీలు, మీటింగులు లేవనుకుంటేనే ఈ లెక్క.

కాబట్టి ఆ ఏడు రోజులూ చదువు చెప్పాల్సింది క్లాస్ టీచరే. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్‌ని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయడం, వినికిడి యంత్రం పెట్టుకున్న బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టి బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడటం లాంటివి ఆమె చేతిలో ఉన్న పనులు. బీఈడీలో వాటి గురించి ఆమె చదివింది ఒక పేపర్. క్లాసులో ఎదురుగా ఉన్నది యాభై మంది.